స్థిరాంకాల లెక్క: వాల్తేరు స్ఫటిక భౌతికశాస్త్రం నుంచి వంపు విద్యుత్ తరంగాల వరకు

వ్యాససంగ్రహం

ఘనపదార్థంలో యాంత్రిక తరంగం ప్రయాణించేటప్పుడు దానివెంట అతిసూక్ష్మమైన విద్యుత్ ధృవణం కూడా ప్రయాణించగలదని గత ఆరు దశాబ్దాల పరిశోధన తేల్చింది. ఈ ధర్మాన్ని ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ అంటారు. దీనిని వర్ణించడానికి కావలసిన గణితపద్ధతి 1930, 40లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సూరి భగవంతం, టి. వేంకటరాయుడు చేసిన కృషికి చాలా దగ్గరిది. ఉత్తరాంధ్ర విజ్ఞానచరిత్రలో ఆ కృషి స్థానాన్ని, అక్కడినుంచి నేటి తరంగసిద్ధాంతం వరకు సాగిన మార్గాన్ని, ఈ విషయాన్ని తెలుగులో చెప్పడంలో ఎదురయ్యే పదసమస్యను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: యాంత్రిక తరంగాలు, స్ఫటిక సౌష్ఠవం, వికృతి ప్రవణత, వంపు విద్యుత్, సూరి భగవంతం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, పాతపట్నం.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మీదుగా నౌపడా–గుణుపురం రైలుమార్గం పోతుంది. పర్లాకిమిడి సంస్థానం వేయించగా 1900లో నౌపడా, పర్లాకిమిడి మధ్య మొదలైన చిన్నగేజి మార్గం దీనికి మూలం. రైలుపట్టాకు చెవి ఆనిస్తే కనుచూపుమేరలో లేని బండి చప్పుడు కూడా వినిపిస్తుందని పట్టాల పక్క ఊళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే ఉక్కులో అయిదు కిలోమీటర్లకు పైగా పోతుంది. పట్టాలో ప్రయాణించేది లోహం కాదు, లోహంలోని కదలిక. ఒక బిందువు వద్ద ఉక్కు నొక్కుకుంటుంది, పక్క బిందువు వద్ద సాగుతుంది, ఆ నొక్కుడూ సాగుడూ ముందుకు జరుగుతూ పోతాయి. భౌతికశాస్త్రం ఈ మార్పును ‘వికృతి’ అంటుంది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. తరంగం పోతున్న వస్తువులో వికృతి ఎక్కడికక్కడ వేరు. ఒకచోట ఎక్కువ, దాని పక్కన తక్కువ, మరికొంత దూరంలో వ్యతిరేకం. చోటు మారినకొద్దీ వికృతి ఎంత త్వరగా మారుతుందో దానిని ‘వికృతి ప్రవణత’ అనవచ్చు. ప్రవణత లేని తరంగం ఉండదు. ఉక్కులో దీనివల్ల విద్యుత్పరమైన విశేషమేదీ పైకి కనిపించదు. లోహంలోని స్వేచ్ఛా ఎలక్ట్రానులు ఏ విద్యుత్ అసమతనైనా క్షణంలో సర్దివేస్తాయి. విద్యుత్తును ప్రసరింపనీయని రోధకంలో ఆ సర్దుబాటు జరగదు. అక్కడ ప్రవణత ధన, ఋణ ఆవేశాల కేంద్రాలను కొద్దిగా విడదీస్తుంది. కనుక రోధకంలో పోయే ప్రతి ధ్వనితరంగం సూత్రరీత్యా తనతోపాటు ఒక బలహీనమైన విద్యుత్ ధృవణతరంగాన్ని మోసుకుపోతుంది.

2. రెండు ధర్మాలు, రెండు పేర్లు

నొక్కితే విద్యుత్తు పుట్టే స్ఫటికాల సంగతి 1880లో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కనుగొన్నారు. తెలుగు పాఠ్యగ్రంథాలు దీనిని పీడన విద్యుత్ అంటున్నాయి. మరుసటి ఏడాది గాబ్రియేల్ లిప్‌మన్ దీని విలోమాన్ని, అంటే విద్యుత్తు ఇస్తే స్ఫటికం ఆకారం మారుతుందన్న విషయాన్ని, సిద్ధాంతరీత్యా ఊహించాడు. క్యూరీ సోదరులు వెంటనే దానిని ప్రయోగంలో చూపారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో పాల్ లాంజివిన్ క్వార్ట్జ్ పలకలతో నీటిలోకి అతిధ్వనులు పంపాడు. గడియారం నుంచి ఆసుపత్రిలోని స్కానింగ్ యంత్రం వరకు పీడన విద్యుత్ వినియోగం అందరికీ తెలిసినదే.

ఈ ధర్మానికి ఒక కఠినమైన షరతు ఉంది. స్ఫటికానికి సౌష్ఠవ కేంద్రం ఉండరాదు. ఒక కేంద్రబిందువుకు ఇరువైపులా పరమాణువుల అమరిక అచ్చంగా సరిపోలితే, సమానంగా నొక్కినప్పుడు ఒకవైపు జరిగిన ఆవేశాన్ని రెండోవైపు జరిగిన ఆవేశం రద్దు చేస్తుంది. అందుచేత 32 స్ఫటిక వర్గాలలో 20 మాత్రమే పీడన విద్యుత్తుకు యోగ్యమైనవి. గ్రానైట్ రాతినే తీసుకుంటే, దానిలోని క్వార్ట్జ్ రేణువు యోగ్యం, దాని పక్కనున్న ఫెల్డ్‌స్పార్ రేణువు అయోగ్యం.

వంచినప్పుడు ఈ షరతు సడలుతుంది. పలకను వంచితే పైభాగం సాగుతుంది, కిందిభాగం ముడుచుకుంటుంది. స్ఫటికంలో లేని దిశాభేదాన్ని వంపు బయటినుంచి కల్పిస్తుంది. సౌష్ఠవ కేంద్రం ఉన్నా లేకపోయినా ఆవేశాలు విడిపోతాయి. కనుక ఈ ధర్మం 32 వర్గాలకూ, స్ఫటికం కాని గాజు వంటి రోధకాలకూ కూడా వర్తిస్తుంది. లాటిన్‌లో వంగుట అనే అర్థమున్న ధాతువునుంచి దీనికి ఫ్లెక్సోఎలక్ట్రిసిటీ అనే పేరు వచ్చింది. ఈ వ్యాసంలో దీనికి ‘వంపు విద్యుత్’ అనే మాట వాడడమైనది. అయితే మూలంలోని పేరే కొంత దారి తప్పించేది. అనుదైర్ఘ్య తరంగంలో ఏదీ వంగదు, ప్రవణత మాత్రం ఉంటుంది, ధృవణం కూడా పుడుతుంది. శాస్త్రదృష్టితో ‘వికృతి ప్రవణతా విద్యుత్’ అనడమే కచ్చితం. కానీ అంత పొడుగు సమాసం తరగతిగదిలో నిలవదు.

3. వాల్తేరు: భూమి, పోషకులు, కాలం

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తొలుత బెజవాడలో ఉండి 1930లో వాల్తేరు చేరింది. అక్కడ విజ్ఞానశాస్త్రాల శాఖలు నిలదొక్కుకోవడంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షత (1931–36), జయపురం మహారాజు విక్రమదేవవర్మ యేటేటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం ముఖ్యమైనవి. విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు జయపురం సంస్థానం పేరు రావడానికి కారణం ఇదే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు పటం మారింది. జయపురం, పర్లాకిమిడి అటు పోయాయి. పర్లాకిమిడికి కూతవేటు దూరంలోని పాతపట్నం మద్రాసు రాష్ట్రంలోనే మిగిలి విశాఖపట్నం జిల్లాలో చేరింది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు దానిలో భాగమైంది. పర్లాకిమిడిలో దశాబ్దాలపాటు ఉండి, సవర భాషను శాస్త్రీయంగా అధ్యయనం చేసి, వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపిన గిడుగు రామమూర్తి ఆ విభజనకు నొచ్చుకొని ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. వాల్తేరులోని విజ్ఞాన కళాశాలను పోషించిన సంస్థానం, వాడుకభాషలో చదువు చెప్పాలన్న వాదానికి పుట్టిల్లయిన పట్టణం ఒకే రోజున సరిహద్దుకు అవతల పడడం ఉత్తరాంధ్ర సాంస్కృతిక చరిత్రకారులు కలిపి చూడవలసిన విషయం. సాధారణంగా వీటిని వేర్వేరు అధ్యాయాలలో చెబుతూ ఉంటారు.

సూరి భగవంతం (1909–1989) ఈ కాలపు మనిషి. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసి, 1932లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులు (1952–57), బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులు (1957–62), రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారు (1961–69) అయ్యారు. తెలుగు పాఠకుల జ్ఞాపకంలో ఈ పదవులు, రామన్ శిష్యరికం నిలిచినంతగా వాల్తేరులో ఆయన చేసిన లెక్క నిలవలేదు. ఆ లెక్క ఆయన పదవులన్నిటికంటె ఎక్కువకాలం బతికింది.

4. స్థిరాంకాల లెక్క

స్ఫటికం ఒక దిశలో మెత్తగా, మరొక దిశలో గట్టిగా ఉండవచ్చు. దాని స్వభావాన్ని పూర్తిగా చెప్పాలంటే ఎన్ని సంఖ్యలు కావాలి? ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త వోల్డెమార్ ఫోయిగ్ట్ 1910లో వెలువరించిన స్ఫటిక భౌతికశాస్త్ర గ్రంథం అప్పటికి తెలిసిన జవాబులను క్రోడీకరించింది. ఆ జవాబులు ఒక్కొక్క ధర్మానికి, ఒక్కొక్క వర్గానికి విడివిడిగా సమీకరణాలు రాసి సాధించినవి.

భగవంతం, గణితవేత్త వేంకటరాయుడు కలిసి సమూహ సిద్ధాంతాన్ని ఈ పనికి వాడారు. స్ఫటికాన్ని ఎన్ని విధాలుగా తిప్పినా, ప్రతిబింబింపజేసినా అది ఉన్నట్టే ఉంటుందో ఆ క్రియలన్నీ కలిసి గణితంలో ఒక సమూహం అవుతాయి. భౌతికధర్మం ఆ క్రియలకు ఎలా స్పందిస్తుందో తెలిస్తే చాలు. ఎన్ని స్థిరాంకాలు మిగులుతాయో ఒక చిన్న కూడికతో తేలుతుంది, సమీకరణాలన్నీ విప్పనక్కరలేదు. స్ఫటికాల రామన్ వర్ణపటాలపై వీరిద్దరూ 1939లో ప్రకటించిన పత్రంలోని విధానాన్ని నేటికీ వారి పేర్లతోనే ఉదహరిస్తారు. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే ప్రచురించిన వారి సమూహ సిద్ధాంత గ్రంథం వాల్తేరునుంచి వెలువడి ప్రపంచమంతా చదివిన పుస్తకాలలో ఒకటి.

ఈ పద్ధతి బలం 1942లో బయటపడింది. ఒత్తిడికి లోనైన స్ఫటికంలో కాంతి నడక మారడాన్ని ఫొటోఎలాస్టిక్ ధర్మం అంటారు. పందొమ్మిదో శతాబ్ది చివర ఫ్రెడరిక్ పొకెల్స్ దీని సిద్ధాంతాన్ని నిర్మించి, ఘన వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నిటికీ మూడు స్థిరాంకాలు చాలునన్నాడు. అర్ధశతాబ్దిపాటు దానిని ఎవరూ ప్రశ్నించలేదు. భగవంతం సమూహపద్ధతిలో లెక్కవేస్తే ఘనవ్యవస్థలోని అయిదు వర్గాలలో మూడింటికే ఆ సంఖ్య సరిపోయింది. సౌష్ఠవం తక్కువగా ఉన్న మిగతా రెండు వర్గాలకు నాలుగు స్థిరాంకాలు కావాలి. వంటింట్లోనూ మంగలి పెట్టెలోనూ కనిపించే పటిక ఆ రెండింటిలో ఒకదానికి చెందినదే. తరువాతి సంవత్సరాలలో డి. సూర్యనారాయణతో కలిసి చేసిన ప్రయోగాలు నాలుగో స్థిరాంకం గణితభ్రమ కాదని నిర్ధారించాయి.

అది యుద్ధకాలం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపై జపాను బాంబులు పడ్డాయి. ప్రాంగణం సైన్యం వశమై విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. పరికరాలు, విద్యార్థులు, గ్రంథాలయం చెల్లాచెదురైన ఆ రోజుల్లో కాగితం, కలం చాలిన పని ఈ లెక్క. దాని వికాసానికి ఆ పరిస్థితి కూడా కొంత దోహదం చేసిందనుకోవడం అసంగతం కాదు.

5. వజ్రంలో ధ్వని

ఎన్ని స్థిరాంకాలో తెలిసినంతమాత్రాన వాటి విలువలు తెలియవు. విలువలకు తరంగం కావాలి. స్ఫటికంలో ధ్వనివేగాన్ని వర్గీకరించి సాంద్రతతో గుణిస్తే స్థితిస్థాపక స్థిరాంకం వస్తుంది. భగవంతం, జె. భీమసేనాచార్ దీనికి ఒక తేలికైన ఉపాయం కనిపెట్టారు. సమమందం గల క్వార్ట్జ్ పలక ఒకే పౌనఃపున్యం వద్ద బలంగా కంపిస్తుంది. దానికి బదులు ఒకవైపు మందంగా, మరొకవైపు పలుచగా అరగదీసిన చీలిక ఆకారపు క్వార్ట్జ్‌ను వాడితే పౌనఃపున్యాన్ని ఎడతెగకుండా మార్చుకుంటూ పోవచ్చు. పరీక్షించవలసిన స్ఫటికపు మందంలో అర్ధతరంగాలు సరిగ్గా ఇమిడినచోట ధ్వని ఎక్కువగా అవతలికి ప్రసరిస్తుంది. అవతలి ద్రవంలో కాంతి వివర్తనం చెందడాన్నిబట్టి ఆ క్షణాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. చిన్న స్ఫటికాలకు ఈ పద్ధతి ఎంతో అనువైనది.

1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన వజ్రం కొలతలు ఇలా సాధించినవే. వజ్రం మూడు స్థిరాంకాలకు వారు ఇచ్చిన విలువలు సుమారు 950, 390, 430 గిగాపాస్కల్‌లు. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మరింత సున్నితమైన పద్ధతితో కొలిచి 1076, 125, 576 అని తేల్చారు. రెండో స్థిరాంకంలో తేడా చాలా పెద్దది, దానిని దాచవలసిన పనిలేదు. వజ్రంలో ధ్వని సెకనుకు 16 కిలోమీటర్లకు పైగా పోతుందన్న ముఖ్యవిషయాన్ని మాత్రం వారి కొలత సరిగానే పట్టుకుంది. నేటి లెక్కలో అది సుమారు 17.5 కిలోమీటర్లు. అభిమానంతో రాసే విజ్ఞానచరిత్రలు ఇటువంటి సవరణలను వదిలివేస్తుంటాయి. అలా వదిలితే కొలత ఎలా మెరుగుపడుతుందో పాఠకుడికి అందదు.

ఈ ప్రయోగాలలో వంపు విద్యుత్ ఎందుకు తారసపడలేదు? పది మెగాహెర్ట్జ్ అతిధ్వనికి వజ్రంలో తరంగదైర్ఘ్యం 1.75 మిల్లీమీటర్లు. పరమాణువుల ఎడంతో పోలిస్తే అది కోటి రెట్లు పెద్దది. తరంగదైర్ఘ్యం అంత పొడవైనప్పుడు వికృతి చాలా నెమ్మదిగా మారుతుంది, ప్రవణత లెక్కకు రానంత స్వల్పమవుతుంది.

6. లెక్కకు రానిదాన్ని లెక్కించడం

1957లో సోవియట్ శాస్త్రవేత్తలు మష్కెవిచ్, తొల్పీగో స్ఫటికాలలో ప్రవణతవల్ల ధృవణం కలుగుతుందని సిద్ధాంతీకరించారు. 1964లో కోగన్ దాని పరిమాణాన్ని అంచనా కట్టాడు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని పరమాణువుల ఎడంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది, మీటరుకు ఒక కూలుంబులో వెయ్యికోట్లవ వంతు స్థాయిది. 1968లో బుర్సియన్, జైకోవ్‌స్కీ బేరియం టైటనేట్ పొరలను విద్యుత్తుతో వంచి చూపారు. ఆ తరువాత చాలాకాలం ఈ విషయం అటకెక్కింది. 1986లో తగంత్సెవ్ సిద్ధాంతాన్ని చక్కదిద్దాడు. కొత్త శతాబ్ది తొలి సంవత్సరాలలో వెన్‌హుయ్ మా, ఎరిక్ క్రాస్ బేరియం స్ట్రాన్షియం టైటనేట్ సిరామిక్‌లో కొలిచిన గుణకం మీటరుకు సుమారు 100 మైక్రోకూలుంబులు. కోగన్ అంచనాకు ఆ పదార్థపు అధిక విద్యుత్ప్రవృత్తిని జోడించినా అంత రాదు. అక్కడినుంచి పరిశోధన ఊపందుకుంది.

పరిమాణం చిన్నదైనకొద్దీ ఈ ధర్మం పెద్దదవుతుంది. మిల్లీమీటరు మందం పలకను వంచి పదివేలలో ఒక వంతు వికృతి కలిగిస్తే ప్రవణత మీటరుకు 0.1. పది నానోమీటర్ల పొరలో నూటికి ఒక వంతు వికృతి సడలిపోతే ప్రవణత మీటరుకు పది లక్షలు, అంటే మొదటిదానికి కోటి రెట్లు. ఎలక్ట్రానిక్ పరికరాలు నానోమీటర్ల స్థాయికి కుదించుకుపోయిన తరుణంలో ఒకప్పటి ఉపేక్ష చెల్లలేదు.

వాల్తేరు లెక్క మళ్లీ ఇక్కడ ప్రత్యక్షమవుతుంది. వికృతికి ఆరు స్వతంత్ర అంశాలు. ఫొటోఎలాస్టిక్ ధర్మం ఆరింటిని ఆరింటితో కలుపుతుంది కనుక ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 36 స్థిరాంకాలు. వంపు విద్యుత్తులో ఆ ఆరూ మూడు దిశలలో మారవచ్చు, అవి 18. ధృవణానికి మూడు దిశలు. వెరసి 54. ఘనవ్యవస్థలో సౌష్ఠవం ఎక్కువగా ఉన్న మూడు వర్గాలకు ఈ 54 మూడుకు తగ్గుతాయి. పొకెల్స్ పొరబడిన ఆ రెండు వర్గాలకు మాత్రం మూడు చాలవు, అయిదు కావాలి. 1942లో భగవంతం ఘనవ్యవస్థలో గీసిన గీత, అప్పటికి ఉనికే తెలియని ఒక ధర్మాన్నికూడా అదేచోట రెండుగా చీలుస్తున్నది.

7. తరంగం నడక

సాధారణ స్థితిస్థాపక సిద్ధాంతంలో ఘనపదార్థపు లోపల ధ్వనివేగం పౌనఃపున్యంపై ఆధారపడదు. మంద్రస్వరం, తారస్వరం ఒకే వేళకు చేరుతాయి. వంపు విద్యుత్‌ను చేర్చితే ఈ సమానత్వం చెడుతుంది. తరంగం కలిగించిన ధృవణం తిరిగి పదార్థంపై బలం చూపుతుంది, ఆ బలం ప్రవణతతోపాటు పెరుగుతుంది. తరంగదైర్ఘ్యం సగమైతే ప్రవణత రెట్టింపు, వేగంలో వచ్చే మార్పు సుమారు నాలుగు రెట్లు. పొడవైన అలలకు తేడా తెలియదు. పొట్టి అలలు వెనుకబడతాయి. దీనిని విక్షేపణం అంటారు.

విశేషమేమంటే ఈ వెనుకబాటు ‘వంపు విద్యుత్’ అన్న చర్చ స్థిరపడకముందే ప్రయోగంలో కనిపించింది. 1970లో ఏక్స్, హరాడా, షిరానే పొటాషియం టాంటలేట్ స్ఫటికంలో న్యూట్రాన్ల పరిక్షేపణంతో అతిపొట్టి ధ్వనితరంగాలను పరిశీలించారు. స్ఫటికాన్ని చల్లబరచినకొద్దీ తిర్యక్ తరంగాల వక్రరేఖ కిందికి వంగింది. స్ఫటికంలోని ధన, ఋణ అయానులు ఎదురుబొదురుగా ఊగే మరొక కంపనం మెత్తబడి ధ్వనితరంగంతో పెనవేసుకోవడమే కారణమని వారు గ్రహించారు. ఆ పెనవేతను కొలిచే రాశి, వంపు విద్యుత్ సిద్ధాంతంలోని గుణకం దగ్గరి బంధువులు. యంత్రశాస్త్రం వైపునుంచి టౌపిన్, మిండ్‌లిన్ 1960లలో ప్రవణతలను చేర్చి స్థితిస్థాపక సమీకరణాలను విస్తరించారు. రేలీ (1885), లవ్ (1911), లాంబ్ (1917) పేర్లతో ఉన్న ఉపరితల, పలక తరంగాలను నేటి పరిశోధకులు ఆ విస్తృత సమీకరణాలతో తిరిగి సాధిస్తున్నారు. ఆ పత్రాలలో చాలావరకు గణితమే, ప్రయోగం తక్కువ. ఈ అసమానత ఈ రంగానికి ఇంకా తీరని లోటు.

ఈ ధర్మం ప్రయోగశాలకే పరిమితం కాదు. ఎముక పీడన విద్యుత్తును 1957లో ఫుకాడా, యసుడా కనుగొన్నారు. 2018లో వెలువడిన పరిశోధన, ఎముకలోని ఖనిజభాగం పగులు అంచున వంపు విద్యుత్తును పుట్టించగలదని చూపింది. మంచుగడ్డ పీడన విద్యుత్ లేని పదార్థం. దానిని వంచినా ఆవేశం పుడుతుందని, ఉరుముల మేఘాలలో మంచురేణువుల రాపిడికి దీనితో సంబంధం ఉండవచ్చునని 2025లో ప్రకటితమైంది. యేటా పిడుగుల హెచ్చరికలు వినే ఉత్తరాంధ్ర రైతుకు ఇది దూరపు విషయం కాదు.

8. మాటల లెక్క

వాల్తేరు పరిశోధన ఆద్యంతం ఇంగ్లీషులోనే సాగింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ప్రతిబలం, వికృతి, ప్రవణత, రోధకం, అతిధ్వని వంటి పదాలు పాఠ్యగ్రంథాలలో కుదురుకున్నాయి. కానీ పాఠ్యప్రణాళికకు బయట పుట్టిన భావాలకు తెలుగులో పేరు పెట్టే వ్యవస్థ లేదు. వంపు విద్యుత్ అటువంటి అనాథ. గిడుగు వాదాన్ని కేవలం క్రియారూపాల తగాదాగా కుదించి చదివినవారు దీనిని గుర్తించరు. చదువుకునేవాడి నోట ఉన్న మాటనుంచి మొదలుపెట్టి తెలియనిదానికి పోవాలన్నది ఆ వాదంలోని బోధనాసూత్రం. ఆ లెక్కన ‘నమన’, ‘ఆనమన’ వంటి సంస్కృతపదాలకంటె ‘వంపు’ మేలు. ప్రవణత అనే మాట ఇంటర్మీడియట్ విద్యార్థికి ఎలాగూ తెలుసు కనుక, వంపునుంచి ప్రవణతకు అతనిని నడిపించడం కష్టం కాదు. ‘ఫ్లెక్సో’ అని ఉన్నదున్నట్టు ఉంచితే ఇబ్బంది లేదన్న వాదమూ ఉంది. అది పేరును అందిస్తుంది గాని భావాన్ని అందించదు.

9. మిగిలిన స్థిరాంకం

2007లో జుబ్కో, కటలాన్ తదితరులు స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికాలను వేర్వేరు దిశలలో కోసి, వంచి, పుట్టిన ఆవేశాన్ని కొలిచారు. సమూహ సిద్ధాంతం ప్రకారం ఆ ఘనస్ఫటికానికి మూడు స్థిరాంకాలు. పలకను ఎన్ని దిశలలో వంచినా స్వతంత్రమైన సమీకరణాలు రెండే వస్తాయని తరువాత స్పష్టమైంది. మూడోదానికి వంపు చాలదు, తరంగం కావాలి. తరంగంతో కొలిస్తే మరొక చిక్కు. నిశ్చలమైన ప్రవణత కలిగించే ధృవణానికి తోడు, బరువులో తేడాగల అయానులు ఊగేటప్పుడు వేర్వేరుగా వెనుకబడడంవల్ల కలిగే చలన ధృవణం కూడా ఆ కొలతలో కలిసివస్తుంది. ఈ రెండింటి భేదాన్ని తగంత్సెవ్ 1986లోనే సూత్రీకరించాడు. ప్రయోగంలో వాటిని విడదీసే పని ఇప్పటికీ నడుస్తున్నది.